తిన్నానుకొక దారి, వెళ్ళానుకొక దారి
(ఫ్రెంచ్ నేర్చుకునేవారి ప్రశ్నలకు జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. ఫ్రెంచ్‌లో జరిగిపోయిన పనిని చెప్పే ‘పసే కోఁపోజే’, అంటే రెండు ముక్కలు కూర్చి చెప్పే భూతకాలం. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి దీనికే కూర్చున్నాను. ఫ్రెంచ్ మాటలను మన లిపిలో రాస్తున్నాను. అరసున్న ఉన్నచోట గాలి ముక్కులోంచి రావాలి. స్పెల్లింగ్ గురించి చెప్పేటప్పుడు ఇ, ఐ, యు, ఆర్ అంటే ఇంగ్లీషు బడిలో మనం చదువుకున్న అక్షరాలే.

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ మొదటి సంవత్సరం. స్కోరింగ్ అని అందరూ అంటే సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్ తీసుకున్నాను. స్లిప్ టెస్టులో ‘పర్లే’ (మాట్లాడు) క్రియను పసే కోఁపోజేలో రాయమంటే ఆరింటిలో నాలుగు తప్పులు వచ్చాయి. పైకి చదివితే నాకు సరిగ్గానే వినిపిస్తోంది. తప్పు ఎక్కడుందో తెలియడం లేదు. ఇలా ఒక్కో క్రియకు ఆరేసి రూపాలు బట్టీ పట్టాలా? చాలా టెన్షన్‌గా ఉంది. పేపర్ ఫొటో పంపుతున్నాను. – ఓ విద్యార్థిని, విజయవాడ

జవాబు: పేపర్ చూశానమ్మా. ముందు ఒక మాట చెబుతాను, టెన్షన్ తగ్గుతుంది. నువ్వు బట్టీ పట్టాల్సినవి ఆరే రూపాలు. ఒక్కో క్రియకు ఆరు కాదు, దాదాపు అన్ని క్రియలకూ కలిపి ఆరు.

తెలుగులో ‘మాట్లాడి ఉన్నాను’ అనే రూపం చూడు. మాట్లాడి ఉన్నాను, మాట్లాడి ఉన్నావు, మాట్లాడి ఉన్నాడు, మాట్లాడి ఉన్నాం. మారుతున్నది ఏది? ‘ఉన్న’ తర్వాత వచ్చే తోక ఒక్కటే. ‘మాట్లాడి’ కదలకుండా కూర్చుంది. పసే కోఁపోజే కట్టుబడి సరిగ్గా ఇదే. అర్థం మాత్రం మామూలు ‘మాట్లాడాను’. మొదట ఒక సహాయక క్రియ వస్తుంది, అది మనిషిని బట్టి మారుతుంది. వెనక అసలు క్రియ ఒకే ఆకారంలో ఉంటుంది. ఆ ఆకారాన్ని పార్తిసిప్ పసే అంటారు.

సహాయక క్రియ ‘అవ్వార్’. అంటే కలిగి ఉండటం. దాని వర్తమానం నీకు మొదటి నెలలోనే చెప్పి ఉంటారు. దాన్ని అలాగే తెచ్చి ముందు పెట్టు:

జె పర్లే (నేను మాట్లాడాను; ‘జ్’ అంటే నేను, దానికి సహాయక క్రియ ‘ఎ’ కలిసి ‘జె’ అయింది), తు ఆ పర్లే (నువ్వు), ఇల్ ఆ పర్లే, ఎల్ ఆ పర్లే (అతను, ఆమె), నూజవోఁ పర్లే (మేము), వూజవే పర్లే (మీరు), ఇల్‌జోఁ పర్లే (వాళ్ళు).

హైదరాబాద్‌లో 31 ఏళ్ళు ఈ పాఠం చెప్పాను. ప్రతిసారీ రెండు రంగుల సుద్దముక్కలు పట్టుకునేదాన్ని. సహాయక క్రియ పసుపు రంగులో, పార్తిసిప్ తెలుపులో. బోర్డు మీద పసుపు గడి మారుతూ ఉంటుంది, తెల్ల గడి పైనుంచి కింద దాకా ఒకేలా ఉంటుంది. వెనక బెంచీ నుంచి కూడా అది కంటికి కనబడుతుంది. నువ్వూ నోట్సులో రెండు రంగుల పెన్నులతో ఒక్కసారి రాసి చూడు.

ఇప్పుడు నీ నాలుగు తప్పులు. మొదటిది, ‘జె పర్లే’లో పర్లే చివర ఆర్ రాశావు. అది మూలరూపం, ‘మాట్లాడటం’. పార్తిసిప్‌కు ఆర్ పోయి, మిగిలిన ఇ నెత్తిన కుడివైపు నుంచి ఎడమకు దిగే చిన్న గీత వస్తుంది. రెండోది, ‘వూజవే పర్లే’లో చివర ఇ, జెడ్ రాశావు. అది ‘మీరు మాట్లాడతారు’ అనే వర్తమాన రూపం. ఆర్ ఉన్న పర్లే, జెడ్ ఉన్న పర్లే, గీత ఉన్న పర్లే మూడూ చెవికి ఒక్కటే. నీకు పైకి చదివితే సరిగ్గా వినిపించింది అందుకే. నీ చెవి తప్పు చెప్పలేదు, ఫ్రెంచ్ స్పెల్లింగే మూడు వేషాలు వేస్తుంది.

మరి రాసేటప్పుడు ఏది రాయాలో ఎలా తెలుస్తుంది? ఫ్రాన్స్‌లో పిల్లలకు చెప్పే ఉపాయమే నీకూ చెబుతాను. ఆ చోట ‘వాఁద్ర్’ (అమ్మడం) క్రియ పెట్టి చూడు. అక్కడ ‘వాఁద్ర్’ నప్పితే ఆర్ రాయి. ‘వాఁదు’ నప్పితే గీత పెట్టు. ‘జె వాఁద్ర్’ అని ఎవరూ అనరు, ‘జె వాఁదు’ అంటారు. కాబట్టి ఇక్కడ గీతే. పది వాక్యాలు ఇలా చేస్తే చెయ్యి అలవాటు పడిపోతుంది.

మూడోది ‘నూజవోఁ పర్లోఁ’. ఇక్కడ రెండు క్రియలనూ మార్చేశావు. ‘మేము మాట్లాడాం ఉన్నాం’ అన్నట్టు అయింది. మార్పు పసుపు గడికే అని గుర్తుపెట్టుకో.

నాలుగోది కొంచెం పెద్దది. ‘ఇల్ సోఁ పర్లే’ అని రాశావు. రాయాల్సింది ‘ఇల్‌జోఁ పర్లే’. మధ్యలో ‘జ’ వినిపిస్తే అవ్వార్, ‘స’ వినిపిస్తే ‘ఎత్ర్’ (ఉండటం). ఒక్క హల్లుతో సహాయక క్రియే మారిపోతుంది. ఈ ఒక్కదాన్ని మాత్రం గట్టిగా పైకి అంటూ నేర్చుకో. పర్లేకు ఎప్పుడూ అవ్వారే.

ఇక క్రమ క్రియల్లో (ఒకే పద్ధతిలో మారే క్రియల్లో) పార్తిసిప్ తయారుచేసే పద్ధతి మూడు రకాలు. ఫ్రెంచ్ క్రియల్లో 90 శాతం దాకా ఇ-ఆర్‌తో ముగిసేవే. వాటన్నిటికీ గీత ఉన్న ఇ వస్తుంది. మాఁజే (తినడం), త్రవయ్యే (పని చేయడం), రగార్దే (చూడటం), ఏదైనా అంతే. ఐ-ఆర్‌తో ముగిసే ఫినీర్ (ముగించడం), షువాజీర్ (ఎంచుకోవడం) లాంటివాటికి ఆర్ తీసేస్తే చాలు: ఫినీ, షువాజీ. ఆర్-ఇ తో ముగిసే వాఁద్ర్, అతాఁద్ర్ (ఎదురుచూడటం), రెపోఁద్ర్ (జవాబివ్వడం) వంటివాటికి ఆ రెండక్షరాలూ తీసి యు పెట్టాలి: వాఁదు, అతాఁదు, రెపోఁదు. ఈ యు పలకడానికి నోట్లో ‘ఈ’ అనుకుంటూ పెదవులు మాత్రం ‘ఊ’కి లాగా గుండ్రంగా చుట్టాలి. తెలుగులో లేని శబ్దం. అద్దం ముందు నిలబడి చేస్తే తొందరగా వస్తుంది.

‘మాట్లాడలేదు’ అనాలంటే సహాయక క్రియను ‘న్’, ‘పా’ అనే రెండు ముక్కల మధ్య ఇరికించాలి: ‘జ్ నె పా పర్లే’. మనవాళ్ళు ‘పా’ను తెచ్చి వాక్యం చివర పెడతారు, ఎందుకంటే మన ‘లేదు’ చివరే ఉంటుంది. పైగా మన ‘లేదు’ నేనైనా నువ్వైనా వాళ్ళైనా మారదు. ఫ్రెంచ్‌లో వద్దన్నా కాదన్నా పసుపు గడి మారుతూనే ఉంటుంది: తు నా పా పర్లే, నూ నవోఁ పా పర్లే.

నువ్వు అడగలేదు గానీ, పరీక్షలకు వెళ్ళేదానివి కాబట్టి ఇదీ విను. ‘జె పసే లెగ్జమాఁ’ అంటే పరీక్ష పాసయ్యాను అని కాదు, పరీక్ష రాశాను అని. పాసైతే ‘జె రెయుసీ’. ఇదీ ఐ-ఆర్ క్రియే. వార్షిక పరీక్ష అయ్యాక రెండూ రాసి పంపు.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ‘నేను బడికి వెళ్ళాను’ అని ‘జ్ స్వీ అలే…’ అంటూ రాస్తే టీచర్ అలే చివర ఎర్ర సిరాతో ఇంకో ఇ చేర్చి అర మార్కు తీసేశారు. ‘నేను’ అన్నాక ఆడా మగా ఏమిటి? తెలుగులో ‘వెళ్ళాను’ అంటే ఎవరైనా ఒకటే కదా? అసలు ఇక్కడ ‘జె’ కాకుండా ‘జ్ స్వీ’ ఎందుకొచ్చింది? – ఓ తల్లి, కాకినాడ

జవాబు: టీచర్ దిద్దింది సరైనదేనండీ. కానీ మీ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. మార్కు తీసేటప్పుడు కారణం కూడా చెబితే పాప మళ్ళీ ఆ తప్పు చేయదు.

కొన్ని క్రియలకు అవ్వార్ బదులు ఎత్ర్ సహాయకంగా వస్తుంది. జ్ స్వీ, తు ఎ, ఇల్ ఎ, నూ సొమ్, వూజెత్, ఇల్ సోఁ. ఇవి చాలా తక్కువ. ఎక్కువగా ఒకచోటి నుంచి ఇంకోచోటికి, ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారడాన్ని చెప్పేవి. నేను జంటలుగా చెప్పేదాన్ని: వెళ్ళడం, రావడం. ఎక్కడం, దిగడం. లోపలికి పోవడం, బయటికి రావడం. బయలుదేరడం, చేరుకోవడం. పుట్టడం, చనిపోవడం. వీటికి తోడు పడిపోవడం, తిరిగి రావడం, ఉండిపోవడం. ‘ఉండిపోవడం’ కదలిక కాదు కదా అని పిల్లలు అడుగుతారు. కదలగలిగి కదలకపోవడం అని చెబుతాను, అలా గుర్తుంటుంది. నడవడం, పరుగెత్తడం, నాట్యం చేయడం కదలికలే అయినా వాటికి అవ్వారే. అవి ఎలా కదిలామో చెబుతాయి గానీ ఎక్కడికి చేరామో చెప్పవు.

ఎత్ర్ వచ్చినప్పుడు పార్తిసిప్ కర్తను బట్టి మారుతుంది. ఎందుకంటే అప్పుడది విశేషణంలా పని చేస్తుంది. మన ‘వెళ్ళినవాడు, వెళ్ళినది, వెళ్ళినవారు’ లాగా. ‘నేను వెళ్ళినదాన్ని’ అనుకుంటే మీ అమ్మాయికి ఆ అదనపు ఇ ఎందుకొచ్చిందో తెలిసిపోతుంది. అబ్బాయి రాస్తే అలే చివర ఏమీ చేర్చడు. అమ్మాయి రాస్తే ఒక ఇ. అబ్బాయిలో, లేక అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసో వెళితే ఒక ఎస్. అందరూ అమ్మాయిలే అయితే ఇ, ఎస్. చెవికి నాలుగూ ‘అలే’నే.

తెలుగులో ‘నేను’కు ఆడా మగా లేదన్నారు. ఉందండీ, వేరే చోట ఉంది. ‘చిన్నప్పుడు బడికి వెళ్ళేదాన్ని’ అని మీరంటారు, మీవారు ‘వెళ్ళేవాడిని’ అంటారు. రోజూ జరిగే పని చెప్పేటప్పుడు మన ‘నేను’ ఆడో మగో చెప్పేస్తుంది. ఒక్కసారి జరిగిన పనికి ‘వెళ్ళాను’ అంటే చెప్పదు. ఫ్రెంచ్‌లో సరిగ్గా తలకిందులు. ‘వెళ్ళేదాన్ని’కి వాళ్ళకు ‘జలె’ అనే ఒకే రూపం, ఆడా మగా తేడా లేదు. ‘వెళ్ళాను’ దగ్గరే తేడా చూపిస్తారు. ఈ మాట మీ అమ్మాయికి చెప్పండి, అర మార్కు పోయినా బాధపడదు.

నాకు ఈ పాఠం తరగతిలో కన్నా ముందు ఒక అరుగు మీద వచ్చింది. పాండిచ్చేరిలో చదువుకునే రోజుల్లో మేం అద్దెకున్న ఇంటి పక్కన ఒక పెద్దావిడ ఉండేవారు. తెలుగావిడే, మాట్లాడటం తెలుగులోనే. భర్త ఫ్రెంచ్ సైన్యంలో పని చేసి పింఛను తీసుకునేవారు. ఆయన పోయాక ఆఫీసుకు ఉత్తరం రాసిపెట్టమని నా దగ్గరికి వచ్చారు. ఫ్రెంచ్ మొదలుపెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ‘నా భర్త మరణించారు’ అనాలి. ‘దెసెదే’ అనే క్రియ తెలుసు, మామూలు ఇ-ఆర్ క్రియ. క్రమ క్రియ కదా అని అవ్వార్ పెట్టి ‘మోఁ మరీ ఆ దెసెదే’ అని రాశాను. మర్నాడు మా మాస్టారికి చూపిస్తే ‘ఆ’ కొట్టేసి ‘ఎ’ రాశారు: ‘మోఁ మరీ ఎ దెసెదే’. పుట్టడానికీ పోవడానికీ ఎత్ర్ అని అప్పుడు చెప్పారు. ఆ కాయితం తిరిగి శుభ్రంగా రాసి ఇచ్చాను. ఆవిడ కింద వేలిముద్ర వేశారు.

కాబట్టి క్రమ క్రియ అయినంత మాత్రాన అవ్వార్ అనుకోకూడదు. పార్తిసిప్ తయారీ వేరే సంగతి, సహాయక క్రియ ఎంపిక వేరే సంగతి. చేరుకోవడం (అరివే), పడటం (తోఁబే), ఉండిపోవడం (రెస్తే), ఎక్కడం (మోఁతే) ఇవన్నీ నికార్సయిన క్రమ క్రియలే. అన్నిటికీ ఎత్ర్.

ఇదే వరసలో ఇంకొకటి. మన ‘కడుక్కున్నాను, తయారు చేసుకున్నాను’లో ‘-కొను’ ఉంది చూశారా, తన పని తన మీదే చేసుకోవడం. ఫ్రెంచ్‌లోనూ అలాంటి క్రియలున్నాయి, వాటన్నిటికీ ఎత్రే. ‘నిద్ర లేచాను’ కూడా వాళ్ళకు ‘నన్ను నేను లేపుకున్నాను’ లాంటిదే: ‘జ్ మ్ స్వీ లవే’. పాప రాస్తే చివర ఇ చేర్చాలి.

ప్రశ్న: మేడమ్, మాది నల్గొండ, మాంట్రియల్‌లో ఉద్యోగం. పీఆర్ (శాశ్వత నివాసం) పాయింట్ల కోసం టెఫ్ కెనడా అనే ఫ్రెంచ్ పరీక్షకు ప్రిపేర్ అవుతున్నాను. మాక్ టెస్టులో మాట్లాడే భాగం విన్న ట్యూటర్, మీరు పసే కోఁపోజే అసలు వాడట్లేదు, అంతా ‘ఏఁపర్‌ఫె’ (‘మాట్లాడేవాడిని’ లాంటి భూతకాలం)లోనే చెబుతున్నారు అన్నారు. నేను మాత్రం పసే కోఁపోజేనే వాడాను! ఇంకో డౌట్: ‘నిన్న తిన్నాను’కి ‘జె మాఁజే’ అనొచ్చా? ఇంగ్లీషులో ‘హావ్ ఈటెన్’ పెట్టి ‘ఎస్టర్‌డే’ అనకూడదు కదా. – ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: బాబూ, రెండో డౌట్ ముందు తీర్చేస్తాను. నిస్సంకోచంగా అను. ‘ఇయేర్, జె మాఁజే…’ అంటే నిన్న తిన్నాను, అంతే. ఫ్రెంచ్ సహాయక క్రియను చూసి ఇంగ్లీషు ‘హావ్’ అనుకోవద్దు. ‘నిన్న’, ‘పోయిన వారం’, ‘2019లో’ ఏదైనా పక్కన పెట్టొచ్చు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళే ఈ భయంతో తడబడతారు. తెలుగులోంచి నేరుగా వెళితే ఈ చిక్కే లేదు.

మొదటి సంగతి. నువ్వు పంపిన రికార్డింగ్ రెండుసార్లు విన్నాను. నువ్వు చెప్పింది నిజం, ట్యూటర్ విన్నదీ నిజం. తేడా ఒక్క అచ్చులో ఉంది. ‘నేను’ అనే మాట ఫ్రెంచ్‌లో ‘జె’ కాదు, ‘జ్’ తర్వాత పెదవులు కొద్దిగా ముందుకు తెచ్చి వదిలేసే చిన్న అచ్చు. అది తెలుగులో లేదు. మనం దాన్నీ ‘జె’ అనే పలుకుతాం. దాంతో ‘జ్ పర్లె’ (నేను మాట్లాడేవాడిని), ‘జె పర్లే’ (నేను మాట్లాడాను) రెండూ ఒకేలా అయిపోతాయి. చివరి అచ్చులో కూడా తేడా ఉంది, ఒకటి నోరు కాస్త తెరిచి, ఇంకోటి పెదవులు లాగి. నువ్వు ‘జె’ను మింగేసి చివర నోరు తెరుస్తున్నావు. అందుకే నువ్వు చెప్పిన ప్రతి ‘మాట్లాడాను’ ఆయనకు ‘మాట్లాడేవాడిని’లా వినిపించింది. ‘జె’ మీద కొంచెం బరువు పెట్టి, నవ్వుతున్నట్టు పెదవులు లాగి ‘పర్లే’ అను. వారం రోజులు ఈ ఒక్క జతే సాధన చెయ్యి: జ్ పర్లె, జె పర్లే. జ్ త్రవయ్యె, జె త్రవయ్యే.

ఇక ఏది ఎక్కడ వాడాలో తెలుగే చెబుతుంది. నల్గొండలో మీ తాత గురించి చెబుతున్నావనుకో. ‘మా తాత పొద్దున్నే లేచేవాడు, చెరువు దాకా నడిచేవాడు. ఒకరోజు గట్టు మీద పడ్డాడు.’ లేచేవాడు, నడిచేవాడు ఏఁపర్‌ఫె. పడ్డాడు పసే కోఁపోజే: ‘ఇల్ ఎ తోఁబే’. ‘నేను వెళ్ళేసరికి అమ్మ వంట చేస్తోంది’ అంటావు. వెళ్ళింది ఒక్కసారి, అది పసే కోఁపోజే. చేస్తూ ఉండటం వెనక నడుస్తున్న పని, అది ఏఁపర్‌ఫె. ఇంగ్లీషులో నడిచేవాడు, నడిచాడు రెండూ చాలాసార్లు ఒకే ‘వాక్డ్’ కింద నలిగిపోతాయి. తెలుగులో ‘-ఏవాడు’, ‘-తోంది’, ‘-ఆడు’ వేర్వేరుగా ఉన్నాయి. తెలుగువాడికి ఈ పాఠం ఇంగ్లీషువాడి కంటే తేలిక అని నేను ఎప్పుడూ చెబుతాను. చెప్పి ఊరుకోలేదు, ఎన్నో బ్యాచ్‌లతో చేసి చూశాను.

ఒకచోట మాత్రం జాగ్రత్త. ఎంతసేపు సాగినా, హద్దు చెబితే పసే కోఁపోజే. ‘హైదరాబాద్‌లో ఉండేవాడిని’ అంటే ‘జబితె’. ‘హైదరాబాద్‌లో రెండేళ్ళు ఉన్నాను’ అంటే ‘జె అబితే దో జాఁ’. ఇక్కడా తెలుగు నీతోనే ఉంది, గమనించావా?

ప్రశ్న: డిగ్రీ ఫైనల్ ఇయర్ మేడమ్, హైదరాబాద్. అవ్వార్ వస్తే పార్తిసిప్ మారదు అని నేర్చుకున్నాం. ఇప్పుడేమో ‘నేను తిన్న మామిడిపళ్ళు’ అనే వాక్యంలో ‘మాఁజే’కు ఇ, ఎస్ చేర్చారు. తిన్నది నేను, నేను అబ్బాయిని. ఇ ఎక్కడిది?

జవాబు: ఇ నీది కాదు, మామిడిపళ్ళది. ఫ్రెంచ్‌లో మామిడిపండు స్త్రీలింగం. అవ్వార్ ఉన్నప్పుడు, తిన్న వస్తువు వాక్యంలో పార్తిసిప్ కంటే ముందే వచ్చేస్తే పార్తిసిప్ దాన్ని బట్టి మారుతుంది. ‘జె మాఁజే లే మాఁగ్’ (మామిడిపళ్ళు తిన్నాను) అంటే మార్పు లేదు, పళ్ళు వెనక ఉన్నాయి. ‘లే మాఁగ్ క్ జె మాఁజే’ (నేను తిన్న మామిడిపళ్ళు) అంటే ముందుకొచ్చాయి, కాబట్టి ఇ, ఎస్.

హైదరాబాద్‌వాడివి, నీకు హిందీనో ఉర్దూనో వచ్చే ఉంటుంది. ‘మైఁనే రోటీ ఖాయీ’ అంటావు. నువ్వు అబ్బాయివైనా ‘ఖాయీ’ అనే అంటావు, రోటీ స్త్రీలింగం కాబట్టి. అదే సూత్రం. ‘మైఁ ఆయా’ అన్నప్పుడు క్రియ నిన్ను చూస్తుంది, ‘మైఁనే ఖాయీ’ అన్నప్పుడు తిన్నదాన్ని చూస్తుంది. ఫ్రెంచ్‌లో ఎత్ర్ కర్తను చూస్తుంది, అవ్వార్ కర్మను చూస్తుంది. హిందీ మామూలుగా కర్మ ఎక్కడున్నా చూస్తుంది, ఫ్రెంచ్ కర్మ ముందుంటేనే చూస్తుంది. అంతే తేడా. 16వ శతాబ్దంలో క్లెమాఁ మారో అనే కవి ఈ నియమాన్ని తన శిష్యులకు పద్యంలో చెప్పాడు, ఇటాలియన్‌ను ఆదర్శంగా చూపించాడు. అప్పటి నుంచీ ఫ్రాన్స్‌లో బడిపిల్లలు దీనితో కుస్తీ పడుతూనే ఉన్నారు. క్రమ క్రియల్లో ఇది చెవికి అసలు వినిపించదు. మాట్లాడేటప్పుడు దీని గురించి ఆలోచించకు. రాశాక చివరిసారి చదివేటప్పుడు మాత్రం ‘క్’ కనబడిన ప్రతిచోటా ఆగి, దాని ముందున్న మాట ఏ లింగమో, ఏ వచనమో చూసుకో.

ప్రశ్న: అమ్మా, నేను యానాం వాడిని, వయసు 81. పదేళ్ళ వరకు ఫ్రెంచ్ బడిలో చదివాను. అప్పట్లో మాకు ‘ఇల్ పర్లా, నూ పర్లామ్, ఇల్ పర్లెర్’ అని వల్లె వేయించేవారు. ఇప్పుడు మనవరాలు ఫ్రాన్స్‌లోని లియోఁలో చదువుకుంటోంది. నా చిన్నతనం గురించి నాలుగు ముక్కలు ఫ్రెంచ్‌లో రాసి పంపమంది. నాకు గుర్తున్న పద్ధతిలో ‘జ్ నకీ…’ (నేను జన్మించితిని) అని మొదలుపెట్టి ఫోన్‌లో చదివితే ‘తాతయ్యా, పాతపుస్తకంలా ఉంది’ అంది. మేం నేర్చుకున్నది తప్పా?

జవాబు: నమస్కారమండీ. నేనూ యానాంలోనే పుట్టాను, మీ ఉత్తరం చదువుతుంటే గోదారి గట్టు కళ్ళ ముందుకొచ్చింది. మీరు నేర్చుకున్నది తప్పు కాదు. అది ‘పసే సేఁప్ల్’, ఒకే ముక్కతో చెప్పే భూతకాలం. నవలల్లో, కథల్లో, చరిత్ర పుస్తకాల్లో ఇప్పటికీ అదే. మాటల్లోంచి మాత్రం ఎప్పుడో వెళ్ళిపోయింది. మన ‘చేసితిని, వచ్చితిని’ పుస్తకంలో చదివితే బాగుంటుంది, ఇంట్లో పిల్లలతో అలా మాట్లాడం కదా. మీ మనవరాలికి వినిపించింది ఆ తేడానే. మాట్లాడినట్టు రాయాలంటే పసే కోఁపోజే.

మీరు పంపిన నాలుగు వాక్యాలూ ఆ పద్ధతిలోకి మార్చాను. ‘జ్ నకీ’ బదులు ‘జ్ స్వీ నే ఆ యనాఓఁ’, నేను యానాంలో పుట్టాను. ఊరి పేరు మీ బడిలో రాయించినట్టే యనాఓఁ అని ఉంచాను. రెండోది ‘జె ఎత్యుదియే ఆ లెకోల్ ఫ్రాఁసేజ్’, ఫ్రెంచ్ బడిలో చదువుకున్నాను. ఇది అవ్వార్, చివర గీత ఉన్న ఇ, ఇంకేమీ చేర్చనక్కర్లేదు. మూడో వాక్యంలో మీరు 1954 సంగతి రాశారు: ‘లే ఫ్రాఁసే సోఁ పర్తీ’, ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్ళిపోవడం కాబట్టి ఎత్ర్, చాలామంది కాబట్టి పర్తీ చివర ఎస్.

నాలుగోదాన్ని మీరు ‘నూ రెస్తామ్’ అని రాశారు. దాన్ని ‘నూ సొమ్ రెస్తే’ చేయండి. మేం ఉండిపోయాం. ఇంటిల్లిపాదీ ఉండిపోయారు కాబట్టి అక్కడ కూడా చివర ఎస్ రాయండి, వినిపించదు గానీ మనవరాలికి కనబడుతుంది.